మూడు ఊళ్ల మీద మైదానం

పడమటి తీరంలో బేస్‌బాల్ – ఆరో భాగం

1950 జులై 24 తేదీ వేసిన ఒక ఉత్తరం లాస్ ఏంజెలస్ నడిబొడ్డుకు ఆనుకుని ఉన్న కొండల్లో ఇంటింటికీ చేరింది. పంపింది నగర గృహనిర్మాణ సంస్థ. సారాంశం ఇది: మీరుంటున్న చోట తక్కువ ఆదాయం వాళ్ల కోసం ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టబోతోంది. మీ ఇళ్లకు విలువ కట్టడానికి మా మనుషులు వస్తారు. మీరు ఖాళీ చేయాల్సి ఉంటుంది. కొత్త ఇళ్లు పూర్తయ్యాక వాటిలో చేరే మొదటి అవకాశం మీదే.

ఆ కొత్త ఇళ్లు రానే లేదు. పన్నెండేళ్లు తిరిగేసరికి అదే నేల మీద 56 వేల మంది కూర్చునే బేస్‌బాల్ స్టేడియం లేచింది. అమెరికాలో ఈ ఆట చూడటానికి ఇంతకంటే అందమైన చోటు లేదని చాలామంది అంటారు. నేనూ ఆ మాట ఒప్పుకుంటాను. అయినా డాడ్జర్ స్టేడియం కథను 1962లో మొదలుపెట్టేవాళ్లతో మాత్రం ఏకీభవించలేను. ఆ కథ ఈ ఉత్తరంతోనే మొదలవుతుంది.

ఈ విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి. బ్రూక్లిన్ నుంచి వచ్చిన డాడ్జర్స్ జట్టు తన స్టేడియం కోసం మెక్సికన్ కుటుంబాలను తరిమేసిందని ఒక మాట. డాడ్జర్స్ వచ్చేనాటికే ఆ లోయ ఖాళీగా ఉంది, వాళ్లకేమీ సంబంధం లేదని రెండో మాట. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో వరసగా చూస్తే తప్పు ఎవరిదో, ఎంతెంతో తేలుతుంది. అందుకే ఈ భాగంలో ఆట తక్కువ, ఊరు ఎక్కువ.

ఆ ప్రాంతం పేరు చావెజ్ రవీన్. న్యూ మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డ హులియన్ చావెజ్ 1840లలో ఇక్కడ భూమి సంపాదించాడు. తర్వాత నగర పాలక మండలిలో సభ్యుడిగా ఉన్నాడు, కౌంటీ పాలనలోనూ పనిచేశాడు. అప్పట్లో అది ఊరికి దూరంగా, ఎవరికీ పట్టని కొండ కోన. అందుకే ఊళ్లో ఉంచుకోవడానికి ఇష్టపడనివన్నీ అటు తోశారు. మశూచి ప్రబలినప్పుడు రోగులను అక్కడికి పంపారు. నగరంలో యూదుల మొదటి శ్మశానం 1855లో అక్కడే వెలిసింది. తర్వాత ఇటుక బట్టీలు వచ్చాయి. పక్కనే 1886లో ఎలీసియన్ పార్క్ ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నది వరదకు మునిగే పల్లంలో ఉంటున్న కొన్ని మెక్సికన్ కుటుంబాలను ఓ న్యాయవాది చొరవతో ఈ గట్ల మీదికి తరలించారు. అలా నెమ్మదిగా మూడు పేటలు పెరిగాయి: పాలో వెర్దే, లా లోమా, బిషప్. పేటలంటున్నాను గానీ, ఉన్నవాళ్లకు అవి ఊళ్లే.

అక్కడ మెక్సికన్లే ఎక్కువగా ఎందుకున్నారు? కొండ మీద మోజుతో కాదు. లాస్ ఏంజెలస్‌లోని చాలా వాడల్లో ఇంటి దస్తావేజులోనే ఒక షరతు రాసి ఉండేది, తెల్లవారికి తప్ప మరెవరికీ ఈ ఆస్తి అమ్మరాదని. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో గానీ చెప్పలేదు. కాబట్టి రైల్వేలో, బట్టీల్లో, తోటల్లో, బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే మెక్సికన్ కార్మికుడు డబ్బు కూడబెట్టి సొంత ఇల్లు కట్టుకోవాలంటే, కట్టుకోనిచ్చే చోట్లు నగరంలో కొన్నే. వాటిలో చావెజ్ లోయ ఒకటి. స్థలం చవక. పైగా అడ్డు చెప్పేవాడు లేడు.

వెయ్యికి పైగా కుటుంబాలు అలా చేరాయి. నగరం వాళ్లకు సరైన రోడ్లు వేయలేదు. మట్టి దారులు వానొస్తే జారేవి. కొన్ని ఇళ్లల్లో నీటి సౌకర్యం కూడా సరిగా ఉండేది కాదు. అయితే ఊళ్లో బడి ఉంది, చర్చి ఉంది, దుకాణాలున్నాయి. వాలుల మీద మేకలు, పెరళ్లలో కోళ్లు, కూరగాయల మడులు. తలుపులు తాళం వేసుకునేవాళ్లం కాదని అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఈనాటికీ చెబుతారు. కొండ దిగితే అమెరికాలోకెల్లా వేగంగా పెరుగుతున్న నగరాల్లో ఒకటి. ఎక్కితే పల్లెటూరు.

ఆ పల్లెటూరు ఎలా ఉండేదో ఇవాళ మనం కళ్లారా చూడగలుగుతున్నామంటే ఒక కుర్రవాడి పుణ్యం. డాన్ నార్మార్క్ అనే పందొమ్మిదేళ్ల ఫోటోగ్రఫీ విద్యార్థి నగరాన్ని ఎత్తు నుంచి ఫోటో తీయడానికి మంచి చోటు వెతుక్కుంటూ ఈ కొండలెక్కి, కింద కనిపించిన ఊళ్లను చూసి ఆగిపోయాడు. కెమెరా పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఎవరూ వద్దనలేదు. ఆ ఫోటోల్లో మట్టి బాటన నడిచొస్తున్న ఆడవాళ్లున్నారు, వాకిట్లో కూర్చున్న ముసలివాళ్లున్నారు, ఆడుకుంటున్న పిల్లలున్నారు. వెనక దూరంగా, తెల్లగా పొడుగ్గా, లాస్ ఏంజెలస్ సిటీ హాలు. ఆ ఊళ్ల జాతకం తేలబోయేది ఆ భవనంలోనేనని తీసిన కుర్రవాడికీ తెలియదు, దిగినవాళ్లకూ తెలియదు. ఆ ఫోటోలు యాభై ఏళ్ల తర్వాత, 1999లో పుస్తకంగా వచ్చాయి.

ఇక ఉత్తరం సంగతికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలస్‌లో ఇళ్ల కరువు విపరీతంగా ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు రేకుల షెడ్లలో ఉండాల్సి వచ్చింది. 1949లో అమెరికా కాంగ్రెస్ గృహనిర్మాణ చట్టం చేసి నగరాలకు నిధులిచ్చింది. లాస్ ఏంజెలస్ తన వంతుగా పదివేల ఇళ్లు కడతానంది. నగర పాలక మండలి దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. వాటిలో మూడు వేలకు పైగా ఇళ్లు చావెజ్ లోయకు కేటాయించారు. పథకం పేరు ఎలీసియన్ పార్క్ హైట్స్. రూపశిల్పి ప్రపంచ ప్రఖ్యాతి గడించిన రిచర్డ్ నాయిట్రా, తోడుగా రాబర్ట్ అలెగ్జాండర్. పదమూడు అంతస్తుల భవనాలు 24, రెండంతస్తులవి 163.

ఇది దుర్మార్గుల పథకం కాదు. దీన్ని నడిపినవాళ్లు నిజంగానే పేదల మేలు కోరారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మెక్సికన్లు ఒకే ఆవరణలో ఉండాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. కానీ ఒక ఊరిని చూసి మురికివాడ అని ముద్ర వేసేటప్పుడు అందులో ఉన్నవాళ్లను అడగాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు. తమ చేతులతో, తమ సంపాదనతో కట్టుకున్న ఇంటికి ఒకడు యజమాని. పదమూడో అంతస్తులో అద్దెకుండడం వాడికి మేలు ఎలా అవుతుంది? పైగా అద్దెకు అర్హులు ఎవరో నిబంధనలు చెబుతాయి. ఈ ప్రశ్నలతో లోయలోని ఆడవాళ్లు సిటీ హాలుకు వెళ్లారు, మాట్లాడారు. విన్నవాళ్లు తక్కువ. ఎక్కువమంది ఇళ్లు అమ్ముకుని, ఇచ్చింది పుచ్చుకుని కొండ దిగిపోయారు. మొదటి అవకాశం మీదేనన్న మాట వాళ్ల చేతుల్లోని కాగితం మీదే ఉంది.

ఆ మాట ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాంక్ విల్కిన్సన్, గృహనిర్మాణ సంస్థ అధికారి. ఇంటింటికీ తిరిగి జనాన్ని ఒప్పించింది ఆయనే. 1952 నాటికి గాలి మారింది. స్థలాల వ్యాపారులు, బిల్డర్లు, పెద్ద పత్రికలు కలిసి ప్రభుత్వ గృహనిర్మాణం సోషలిజమేనని, సోషలిజమంటే కమ్యూనిజమేనని ప్రచారం మొదలుపెట్టారు. కమ్యూనిస్టుల వేట సాగిన మెకార్తీ కాలం అది. ఆ ముద్ర పడితే చాలు, మనిషి బతుకు తెల్లారినట్టే. ఆ ఆగస్టులో భూసేకరణ విచారణ జరుగుతోంది. సాక్షిగా నిలబడ్డ విల్కిన్సన్‌ను, ప్రతిపక్షపు న్యాయవాది స్థలం విలువ గురించి అడగడం మాని, నీవు ఏయే సంస్థల్లో సభ్యుడివో చెప్పమన్నాడు. అంతరాత్మకు విరుద్ధమని విల్కిన్సన్ జవాబు నిరాకరించాడు. ఉద్యోగం పోయింది. టీచరుగా ఉన్న భార్య ఉద్యోగమూ పోయింది. తర్వాత కాంగ్రెస్ కమిటీ ముందు కూడా అలాగే నోరు విప్పనందుకు 1961లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో ఆయన శిక్షను ఖాయం చేసింది. తొమ్మిది నెలలు జైల్లో ఉన్నాడు. ఆయన మీద ఎఫ్‌బీఐ పోగేసిన కాగితాలు లక్షా ముప్పైరెండు వేల పేజీలని తర్వాత బయటపడింది.

చావెజ్ లోయ వాళ్లకు చేసిన అన్యాయాన్ని విల్కిన్సన్ బతికున్నన్నాళ్లూ చెప్పుకున్నాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని. ఆ కథలో అధికారం చేతిలో ఉన్నవాళ్లలో బాధ్యత ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే అనిపిస్తుంది నాకు. ఆయన కూడా ఓడిపోయినవాడే కావడం గమనించాలి.

1952 జూన్‌లో జరిగిన ఓటింగులో జనం గృహ పథకాన్ని తోసిపుచ్చారు. పథకానికి కొమ్ముకాసిన మేయర్ ఫ్లెచర్ బౌరన్ 1953 ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచిన నారిస్ పోల్సన్ వాగ్దానమే ఆ పథకాన్ని రద్దు చేయడం. చేశాడు. కేంద్ర ప్రభుత్వం లక్షలు పోసి కొన్న నేలను నగరం అంతకంటే చాలా తక్కువ ధరకు తీసుకుంది. అయితే ఒక షరతు ఉంది: ఆ భూమిని ప్రజాప్రయోజనానికే వాడాలి.

ఇక్కడ ఆగి ఒక్క మాట చెప్పాలి. పథకం రద్దయిన రోజున నగరం ముందు ఒక సులువైన దారి ఉంది. ఇళ్లు కట్టడం లేదు కాబట్టి, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లను పిలిచి, వాళ్ల స్థలాలు అదే ధరకు మళ్లీ తీసుకోమనవచ్చు. ఆ పని జరగలేదు. డాడ్జర్స్ అప్పటికింకా బ్రూక్లిన్‌లోనే ఉన్నారు. లోయకు అసలు ద్రోహం జరిగింది అప్పుడే, ఏ బంతీ బ్యాటూ లేకుండా, ఆఫీసు బల్లల మీద.

తర్వాత అయిదారేళ్లు లోయ బోసిగా పడి ఉంది. ఖాళీ ఇళ్లను కొన్నింటిని అగ్నిమాపక దళం తగలబెట్టి ఆర్పడం సాధన చేయడానికి వాడుకుంది. ఇరవై దాకా కుటుంబాలు మాత్రం కదలకుండా ఉండిపోయాయి. వాటిలో ఒకటి అరెచిగా కుటుంబం. మాన్యుయెల్, అబ్రానా దంపతులు 1920లలో వచ్చి మాల్వినా అవెన్యూలో ఇల్లు కట్టుకున్నారు. ప్రభుత్వం కట్టిన విలువ 10,050 డాలర్లు. వాళ్లడిగింది 17,500. ఆ డబ్బు తీసుకోలేదు, ఇల్లు వదల్లేదు.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. గత భాగంలో చెప్పుకున్నట్టు, 1903లో మొదలైన పసిఫిక్ కోస్ట్ లీగ్ పడమటి తీరానికి తనదైన బేస్‌బాల్‌ను ఇచ్చింది. లాస్ ఏంజెలస్ ఏంజెల్స్, హాలీవుడ్ స్టార్స్ మధ్య పోటీ అంటే ఊరు రెండుగా చీలేది. కానీ మేజర్ లీగ్ జట్లు పదహారింటిలో ఒక్కటీ తీరం దరిదాపుల్లో లేదు. 1955లో కాన్సస్ సిటీకి ఒక జట్టు వచ్చింది, అన్నింటికంటే పడమట ఉన్నది అదే. ఆటగాళ్లు రైళ్లలో తిరిగినంత కాలం అంతకంటే ముందుకు రావడం కుదరలేదు. విమానాలు వచ్చాక అడ్డంకి తొలగింది.

బ్రూక్లిన్ డాడ్జర్స్ యజమాని వాల్టర్ ఓమాలీకి సొంత చిక్కు ఉంది. 1913లో కట్టిన ఎబెట్స్ ఫీల్డ్‌లో 32 వేల మంది పడతారు, కార్లు నిలపడానికి చోటు లేదు. బ్రూక్లిన్‌లోనే కొత్తగా కట్టుకుంటాను, రైలు స్టేషన్ పక్క స్థలం ఇప్పించమంటే న్యూయార్క్ నిర్మాణాలను శాసించే రాబర్ట్ మోజెస్ ఒప్పుకోలేదు. 1957 ఫిబ్రవరిలో ఓమాలీ లాస్ ఏంజెలస్ ఏంజెల్స్ జట్టును, దాని మైదానం రిగ్లీ ఫీల్డ్‌ను కొన్నాడు. మే నెలలో హెలికాప్టర్ ఎక్కి నగరం మీద తిరుగుతూ మూడు పెద్ద రోడ్ల మధ్య ఉన్న ఖాళీ కొండలను చూశాడు. పై నుంచి చూస్తే అది కార్లలో వచ్చే జనానికి దేవుడిచ్చిన చోటు.

నగరం తరఫున ఈ వ్యవహారం నడిపించింది రోజలిండ్ వైమన్. 1953లో ఇరవై రెండేళ్లకే పాలక మండలికి ఎన్నికైన అమ్మాయి. పెద్ద జట్టు లేనిదే లాస్ ఏంజెలస్ పెద్ద నగరం కాదన్నది ఆమె నమ్మకం. 1957 అక్టోబర్ 7న మండలి పదికి నాలుగు ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. రిగ్లీ ఫీల్డ్ నగరానికి, చావెజ్ లోయలో సుమారు 300 ఎకరాలు డాడ్జర్స్‌కు. స్టేడియం తన ఖర్చుతో తానే కడతానని ఓమాలీ మాట ఇచ్చాడు, యువజనుల ఆటలకు 40 ఎకరాలు వదులుతానన్నాడు. మర్నాడే జట్టు వచ్చేస్తోందని ప్రకటన. బ్రూక్లిన్ ఏడ్చింది. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో జాతి గోడ పగలగొట్టింది ఆ జట్టులోనే. రాబిన్సన్ పెరిగింది లాస్ ఏంజెలస్ పక్కనున్న పాసడీనాలో. జట్టు ఆయన ఊరి వైపు బయలుదేరే ముందే ఆయన ఆట మానేశాడు.

స్టేడియం లేదు కాబట్టి మొదటి నాలుగేళ్లు ఒలింపిక్స్ జరిగిన కొలీజియంలో ఆడారు. పరుగు పందేలకు, ఫుట్‌బాల్‌కు కట్టిన కోడిగుడ్డు ఆకారపు మైదానం అది. ఎడమ వైపు హద్దు 251 అడుగులే, అంటే 77 మీటర్లు కూడా లేదు. బ్యాట్ తగిలిన ప్రతి బంతీ జనంలో పడకుండా నలభై అడుగుల ఎత్తున వల కట్టారు. అయినా 1958 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో మొదటి ఆటకు 78,672 మంది వచ్చారు. డాడ్జర్స్ 6-5తో గెలిచారు. దూరపు మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ఆటగాళ్లు చీమల్లా కనిపించేవాళ్లు. అందుకని ట్రాన్సిస్టర్లు వెంట తెచ్చుకుని, కళ్లెదుట జరుగుతున్న ఆటనే రేడియో వ్యాఖ్యాత విన్ స్కల్లీ గొంతులో వినేవాళ్లు. అన్ని వేల రేడియోలూ ఒకేసారి పలకడంతో ఆయన వ్యాఖ్యానం స్టేడియమంతా వినపడేదట.

నేల సంగతి మాత్రం తేలలేదు. ఒప్పందాన్ని వ్యతిరేకించినవాళ్లు సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయానికి పెట్టించారు. దాని పేరు ప్రపొజిషన్ బి, తేదీ 1958 జూన్ 3. రెండు రోజుల ముందు డాడ్జర్స్ తరఫున టీవీలో గంటల తరబడి సినిమా తారల కార్యక్రమం నడిచింది. అందులో కనిపించినవాళ్లలో రొనాల్డ్ రీగన్ ఒకడు. ఫలితం: అనుకూలం 3,51,683, వ్యతిరేకం 3,25,898. ఇరవై ఆరు వేలు కూడా లేని తేడా. నల్లజాతి పేటలు, మెక్సికన్ పేటలు ఒప్పందం వైపే మొగ్గాయి. రాబిన్సన్ ఆడిన జట్టు మీద వాళ్లకున్న అభిమానం అలాంటిది. లోయ కథను ఒక జాతి మీద ఇంకో జాతి చేసిన దాడిగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ లెక్కకు కూడా జవాబు చెప్పాలి.

ఆ తర్వాత కోర్టు. ప్రజాప్రయోజనం కోసమని తీసుకున్న భూమిని ప్రైవేటు వ్యాపారికి ఎలా ఇస్తారు? కింది కోర్టు న్యాయమూర్తికి ఈ ప్రశ్న సబబుగానే తోచింది, ఒప్పందం చెల్లదన్నాడు. 1959 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. నగరానికి మొత్తం మీద లాభం ఉంటే చాలు, మధ్యలో ఒక ప్రైవేటు వ్యక్తి లాభపడినా తప్పులేదన్నది దాని సారం. చట్టం ప్రకారం అది తీర్పే. లోయలో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాన్ని మాత్రం ఆ లెక్కలో ఎవరూ కలపలేదు.

1959 మే 8, శుక్రవారం. షెరీఫ్ మనుషులు మాల్వినా అవెన్యూకు వచ్చారు. వెనక బుల్‌డోజర్. వార్త ముందే పొక్కడంతో విలేకరులు, టీవీ కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. అరెచిగాల కూతురు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆరోరా వార్గాస్ తనంతట తాను గడప దాటనని చెప్పింది. నలుగురు డెప్యూటీలు చేతులు, కాళ్లు పట్టుకుని ఆమెను మెట్ల మీదుగా మోసుకొచ్చారు. తల కిందికి వాలి, జుట్టు చెదిరి, కాళ్లు గాలిలో తన్నుకుంటూ ఉన్న ఆమె ఫోటో మర్నాడు దేశమంతా అచ్చయింది. పిల్లలు ఏడుస్తున్నారు. అరవై దాటిన తల్లి అబ్రానా పోలీసుల మీద రాళ్లు విసిరింది. సామాను బయటపడేశారు. తలుపులకు మేకులు కొట్టారు. కొన్ని నిమిషాల్లో బుల్‌డోజర్ ఇంటిని నేలమట్టం చేసింది. ఆ రాత్రి కుటుంబం అక్కడే, కూలిన ఇంటి పక్కన పడుకుంది. తర్వాత గుడారం వేసుకుని రోజుల తరబడి అక్కడే ఉన్నారు. నగర పాలక మండలిలో ఉన్న మెక్సికన్ సంతతి సభ్యుడు ఎడ్వర్డ్ రాయ్‌బాల్ వాళ్ల పక్షాన గట్టిగా మాట్లాడాడు.

జనం జాలిపడ్డారు. ఆ జాలి వారం కూడా నిలవలేదు. అరెచిగా కుటుంబానికి నగరంలో వేరే ఇళ్లు కూడా ఉన్నాయని పత్రికలు బయటపెట్టాయి. ఇళ్లున్నవాళ్లు గుడారంలో నాటకమాడారని తిట్టిపోశారు. ఇది నాకు మింగుడుపడని వాదన. కూలీ చేసి బతికిన వలస కుటుంబం ముప్పై ఏళ్ల కష్టంతో నాలుగు ఇళ్లు కొనుక్కుంటే, మొదటి ఇంటి మీద హక్కు పోతుందా? ఓమాలీకి ఎన్ని ఆస్తులున్నాయో లెక్కపెట్టి ఆయనకు ఎకరాలు ఇవ్వాలా వద్దా అని ఎవరైనా అడిగారా? పేదవాడు అన్యాయం జరిగిందని చెప్పాలంటే ముందు తాను నిరుపేదనని రుజువు చేసుకోవాలి. ఆ నియమం అక్కడ కూడా ఉంది.

1959 సెప్టెంబర్ 17న స్టేడియానికి శంకుస్థాపన జరిగింది. కొండ శిఖరాన్ని చెక్కి కోనలను పూడ్చారు. ఎనభై లక్షల ఘనపు గజాల మట్టి కదిలించారని లెక్క. పాలో వెర్దే పిల్లలు చదువుకున్న బడిని పూర్తిగా కూల్చలేదు. కప్పు తీసేసి, గదుల్లో మట్టి నింపి పూడ్చేశారు. కార్లు ఆపే చోట తారు కింద ఆ గోడలు ఇంకా ఉన్నాయి. స్టేడియం మాత్రం అద్భుతంగా కుదిరింది. కొండవాలుకు ఆనుకుని కట్టడం వల్ల ఏ అంతస్తులో సీటు ఉంటే ఆ ఎత్తులోనే కారు ఆపుకుని నేరుగా నడిచి లోపలికి వెళ్లవచ్చు. పసుపు, నారింజ, నీలం వరసల కుర్చీల్లోంచి చూస్తే మైదానం వెనక శాన్ గాబ్రియెల్ కొండలు కనిపిస్తాయి. ఖర్చు 2 కోట్ల 30 లక్షల డాలర్లు, అంతా ప్రైవేటు డబ్బే. ఆ విషయంలో ఓమాలీ మాట నిలబెట్టుకున్నాడు. నగరాల సొమ్ముతో స్టేడియాలు కట్టించుకుంటున్న ఇవాళ్టి యజమానులతో పోలిస్తే అది చిన్న విషయం కాదు.

1962 ఏప్రిల్ 10న మొదటి ఆట. 52,564 మంది చూశారు. సిన్సినాటి చేతిలో డాడ్జర్స్ 6-3తో ఓడిపోయారు. ఆ ఏడాది మొత్తం 27 లక్షల 55 వేల మంది వచ్చారు. అప్పటివరకు ఏ జట్టూ ఒక ఏడాదిలో అంతమందిని రప్పించలేదు. మరుసటి ఏడాది శాండీ కోఫాక్స్ పిచింగ్‌తో న్యూయార్క్ యాంకీస్‌ను వరసగా నాలుగు ఆటల్లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు.

లోయవాళ్లలో చాలామంది ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. కొందరైతే ఇంట్లో డాడ్జర్స్ పేరెత్తనివ్వలేదు. వాళ్లు లాస్ దెస్టెరాదోస్, అంటే నేల నుంచి గెంటివేతకు గురైనవాళ్లమని పేరు పెట్టుకుని ఏటా ఎలీసియన్ పార్క్‌లో కలుసుకుంటూ వచ్చారు. పిల్లల్ని, మనవల్ని తెచ్చి, మీ తాతగారి ఇల్లు మూడో బేస్ దగ్గరనో, ఫలానా పార్కింగ్ గడిలోనో ఉండేదని చూపించేవాళ్లు. 2024లో కాలిఫోర్నియా శాసనసభ ఒక బిల్లు తెచ్చింది. లోయ నుంచి పోయిన కుటుంబాలకు పరిహారం ఏమివ్వవచ్చో పరిశీలించాలని, అక్కడ ఒక స్మారకం ఉండాలని దాని ఉద్దేశం. సభ ఆమోదించింది. ఆ సెప్టెంబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశాడు, ఇది స్థానికంగా తేల్చుకోవాల్సిన విషయమని.

స్థానికంగా తేల్చాల్సినవాళ్లు డెబ్బై ఏళ్లకు పైగా తేల్చలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఊళ్లు ఖాళీ చేయించింది డాడ్జర్స్ కాదు, నగరం. అప్పు నగరానిదే. కానీ ఆ ఖాళీ నేల మీద ఆరు దశాబ్దాలుగా లాభం పండించుకుంటున్న జట్టు తనకు సంబంధం లేదనడం చెల్లదు. కనీసం పాలో వెర్దే, లా లోమా, బిషప్ అన్న మూడు పేర్లూ స్టేడియం ముఖద్వారం దగ్గర, అందరికీ కనిపించేంత పెద్దగా ఉండాలి. పరిహారం లెక్క తర్వాత. కాలిఫోర్నియాలో ఉంటూ సెలవు రోజున పిల్లలతో ఆ ఆటకు వెళ్లే తెలుగు కుటుంబాలకు నా మనవి: పిల్లలకు ఆట నియమాలతో పాటు ఆ మూడు ఊళ్ల పేర్లు కూడా చెప్పండి.

వచ్చే భాగంలో 1981 ఏప్రిల్ 9. మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో ఒక చిన్న పల్లెలో పుట్టిన ఇరవై ఏళ్ల ఫెర్నాండో వాలెన్జువేలా ఆ మైదానంలో తొలిసారి ఆరంభ పిచర్‌గా దిగిన రోజు. లోయను చూడనని ఒట్టు పెట్టుకున్న ఇళ్లల్లో కొన్నింట రేడియోలు మోగడం అప్పుడే మొదలైంది.